ఊరికొక ఫైలు

టేకులపల్లి బస్టాండు దాటి ఇల్లందు రోడ్డు మీద కొంచెం ముందుకు వెళితే, ఎరువుల దుకాణానికీ సైకిళ్ళు బాగుచేసే షెడ్డుకీ మధ్య ఒక ఇరుకు గది ఉండేది. లోపల ఒక జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, గోడ నిండా పెళ్ళి కార్డుల నమూనాలు. ఆ కంప్యూటరు ముందు కూర్చునే మనిషి లాలి. ఎవరైనా పిలిస్తే మొదటిసారికి పలికేది కాదు. వినపడక కాదు. ఎక్కడికో వెళ్ళిన మనిషి తిరిగి రావాలి కదా, దానికి కాస్త వ్యవధి పట్టేది.

చిన్నప్పటి నుంచీ అంతే. తండాలో మేకల వెంట పంపిస్తే సాయంత్రానికి మేకలు ఇంటికి వచ్చేవి, పిల్ల వచ్చేది కాదు. తల్లి ఎర్రమ్మ వెతుక్కుంటూ వెళితే ఏ తునికి చెట్టు కిందో కూర్చుని, ఆకుల సందుల్లోంచి జారే వెలుతురు వంక చూస్తూ ఉండేది. గాలి సోకిందేమోనని అనుమానించి ఎర్రమ్మ ఒకసారి తాయెత్తు కూడా కట్టించింది. తాయెత్తు తెగిపోయింది గానీ చూపు మారలేదు. హాస్టల్లో ఉండి పది గట్టెక్కింది, ఇంటర్ తప్పింది, ఇల్లందులో టైపు నేర్చుకుంది. అక్కడ మాత్రం ఆమె పరధ్యానం పనికొచ్చింది. మనసు ఎటు పోయినా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి.

పెళ్ళి దస్రుతో జరిగింది. దస్రు కొత్తగూడేనికీ టేకులపల్లికీ నడుమ జీపు నడిపేవాడు. వాగుడుకాయ. ఎక్కిన ప్రతి మనిషినీ ఊరూ పేరూ అడిగి, దిగేలోపు వరస కలిపేసేవాడు. ఈ ఇద్దరికీ పొంతన ఎట్లా కుదురుతుందని తండాలో అనుకున్నవాళ్ళు లేకపోలేదు. కుదిరింది. అతనికి చెప్పడం ఇష్టం, ఆమెకు వినడం ఇష్టం. వింటూ వింటూ ఆమె ఎక్కడికో వెళ్ళిపోయినా అతను గమనించేవాడు కాదు.

దుకాణం రవీందర్‌ది. అతను ఇన్సూరెన్సు ఏజెంటు కూడా కావడంతో పొద్దున తాళం తీసి, సాయంత్రం తాళం వేయడానికి తప్ప కనిపించేవాడు కాదు. పగలంతా లాలి ఒక్కతే. పెళ్ళి కార్డు టైపు చేస్తే ఆ పెళ్ళి పందిరి కనిపించేది. బోరు కోసం దరఖాస్తు టైపు చేస్తే ఎండిన చేను, చేని గట్టున తువ్వాలు దులుపుకుంటున్న రైతు కనిపించేవాడు. కాగితం మిషన్లోంచి బయటికి వచ్చాక ఆ మనుషులు వెళ్ళిపోయేవాళ్ళు. ఆమెకు అదో రకమైన బెంగగా ఉండేది.

రెండువేల ఏడో సంవత్సరం, చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఆంథోని మాస్టారు ఆ గదిలోకి వచ్చారు. తెల్లటి లాల్చీ, నల్ల కళ్ళజోడు. గడప ఎక్కడుందో కాలితో తడిమి చూసుకుని మరీ లోపలికి అడుగుపెట్టారు. వెనకే ఆయన భార్య ఇన్నమ్మ, గొడుగు మడుస్తూ.

మాస్టారిది ఎర్రుపాలెం వైపు. పాతికేళ్ళ వయసులో అడవి పక్క మిషన్ హాస్టలుకు టీచరుగా వచ్చి, అక్కడే జుట్టు నెరిసి, రిటైరయ్యాక టేకులపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. హాస్టల్లో చేర్చడానికి పిల్లల్ని అడగాలంటే ఊళ్ళకు నడిచి వెళ్ళాలి. అలా గుంపు గుంపుకూ, అంటే ఒక్కో అడవి పల్లెకూ తిరిగారు. ఒక్కోచోట రాత్రి ఉండిపోవలసి వచ్చేది. ఉన్నప్పుడు వాళ్ళు చెప్పింది వినేవారు, విన్నది రాసుకునేవారు. ఏ వాగుకు ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ చెట్టు ఎవరిది, కొత్త పంట తినే కొత్తల పండుగనాడు ఏం పాడతారు, ఎవరి తాత ఎవరు. రిటైరయ్యాక పాత కంప్యూటరు ఒకటి కొని, ఒంటి వేలితో అదంతా ఎక్కించారు.

ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది ఒకటే ఫైలమ్మా. తెరవాలంటే మా ఇంట్లో పొద్దున బటన్ నొక్కి, నేను టిఫిన్ చేసి రావాలి. ఈ వారం అదీ లేదు, కంప్యూటరే పూర్తిగా పడుకుంది."

"గింత పెద్దగ ఎట్లయింది సార్?" అంది లాలి.

"ఒక ఊరు రాశాను. పక్క ఊరు దాని పక్కనే ఉంది కదా అని దాని కిందే రాశాను. దాని పక్కన ఇంకోటి. అలా పోయింది."

ఇన్నమ్మ నవ్వింది. "రెండో ఫైలు తెరవొచ్చని ఎవరూ చెప్పలేదు ఈయనకి," అంది.

పని ఏమిటో మాస్టారు వివరించారు. అడవి ఊళ్ళ బడులకు ఎవరో దాతలు పాత కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో ఇంత బరువైన ఫైలు తెరుచుకోదు, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేరూ లేదు. ఉన్నది నోట్‌ప్యాడ్ ఒక్కటే. అందుకని ఏ ఊరిది ఆ ఊరికి విడదీసి, ఉత్త అక్షరాల ఫైళ్ళుగా చేయాలి. గీతలు వద్దు, రంగులు వద్దు, సోకులు వద్దు. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి ఫైలు తెరుచుకుంటే చాలు.

"నేనే చేద్దునమ్మా. కానీ కంట్లో ఒత్తిడి పెరుగుతోందన్నారు. పక్కల నుంచి చీకటి కమ్ముకొస్తోంది. మధ్యలో ఒక గుండ్రటి కిటికీ మిగిలింది, అంతే."

ఆ మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళాక లాలి పెన్‌డ్రైవ్‌లోనే ఫైలు తెరిచింది. కంప్యూటరు చాలాసేపు గురక పెట్టింది. తెర తెల్లగా అయిపోయి, ఇక రాదనుకున్నప్పుడు మెల్లగా అక్షరాలు తేలాయి. మాస్టారు పద్ధతిగానే రాశారు. ఊరి పేరు పెద్ద శీర్షిక. దాని కింద నీళ్ళు, చెట్లు, మనుషులు, పాటలు, మాటలు అని చిన్న శీర్షికలు. అన్నీ ముడిచి చూస్తే తెర మీద ఊళ్ళ పేర్లు మాత్రమే ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. పాలవాగు గుంపు. నల్లమద్ది. రాచబండ. కొండెంగలొద్ది. పేరు పక్కన చిన్న కూడిక గుర్తు. దాన్ని నొక్కితే ఆ ఊరు మొత్తం, వాగులూ మనుషులూ పాటలతో సహా, ఒక్కసారిగా నల్లగా పరుచుకునేది. దాన్ని తీసి నోట్‌ప్యాడ్‌లో వేసి, పేరు పెట్టి, దాచాలి. దాచేటప్పుడు కింద ఉన్న చిన్న గడిలో యూనికోడ్ అని మార్చాలి, లేకపోతే తెలుగు నిలవదని రవీందర్ చెప్పి వెళ్ళాడు.

పెద్ద ఫైలు బరువు తగ్గితే గానీ కంప్యూటరు కదలడం లేదు. అందుకని లాలి తీసిన ఊరిని తీసినట్టే పెద్ద ఫైల్లోంచి కొట్టేస్తూ వచ్చింది.

మామూలుగా అయితే చదవక్కర్లేని పని. కానీ లాలి చదివింది. చదవకుండా ఉండలేకపోయింది. బయట లారీలు పోతుంటే, జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళు బల్ల మీద తడుతుంటే, ఆమె పాలవాగు ఒడ్డున నడుస్తూ ఉండేది. ఆ వాగు నీళ్ళు తెల్లగా ఎందుకుంటాయో తెలిసింది. అడవిపందులు తవ్వుకునే దుంపలు ఎక్కడ దొరుకుతాయో తెలిసింది. నల్లమద్దిలో ఒక ముసలామె పిట్టల కూతలు పట్టి వాన చెప్పేదట. సాయంత్రం దుకాణం మూసి జీపెక్కితే, దస్రు ఆ రోజు ఎక్కిన మనుషుల కబుర్లు చెప్పేవాడు. లాలికి ఆ మనుషులు, ఫైల్లోని మనుషులు కలిసిపోయి, అందరూ ఒకే దారిన నడిచిపోతున్నట్టు ఉండేది.

చిక్కులూ వచ్చాయి. ఒక వాగు కథ రెండు ఊళ్ళ కింద సగం సగం ఉంది. రాచబండలో మొదలై నల్లమద్దిలో ముగుస్తుంది. లాలి మాస్టారి ఇంటికి వెళ్ళి అడిగింది.

"కథ ఏడ తెంపాలె సార్? వాగు ఇద్దరిది గద."

మాస్టారు ఆలోచించారు. "పెద్ద ఫైల్లో ఉన్నప్పుడు ఈ సంగతి తట్టలేదమ్మా. అన్నీ ఒక చోటే ఉన్నాయి కదా. తెంపొద్దు. మొత్తం కథ రెండింట్లోనూ పెట్టు."

ఇంకో సంగతి అడగడానికి ఆమె కాస్త తటపటాయించింది. మాస్టారు మనుషుల పేర్లకు రంగులు వేశారు. బతికున్నవాళ్ళవి నీలం, పోయినవాళ్ళవి ఎరుపు. ఉత్త అక్షరాల ఫైల్లోకి వచ్చేసరికి రంగు నిలవదు. అందరూ ఒకే నలుపు.

"పేరు పక్కన ఒక గుర్తు పెట్టమంటరా? సిలువ గుర్తసొంటిది?"

"వాళ్ళు మా మతం వాళ్ళు కాదమ్మా," అంది ఇన్నమ్మ వంటింట్లోంచి.

మాస్టారు కళ్ళజోడు తీసి, లాల్చీ అంచుతో తుడుచుకున్నారు. తుడిచినా కొత్తగా కనిపించేది ఏమీ లేదని తెలిసినా ఆ అలవాటు పోలేదు. "వదిలేయి," అన్నారు. "నేను వాళ్ళను కలిసినప్పుడు అందరూ బతికే ఉన్నారు."

పని సగానికి పైగా అయ్యాక తేనెబండ వచ్చింది.

ఆ ఊరిని మాస్టారు కళ్ళతో చూడలేదు. క్రిస్మస్ తర్వాత కంటి పరీక్షకు కొత్తగూడెం దవాఖానాకు వెళ్ళినప్పుడు, పక్క మంచం మీది దూలయ్య అనే ముసలాయన చెప్పిన ఊరు అది. ఎత్తైన రాతి గోడకు తేనెపట్లు వేలాడేవట. ఎండాకాలం నడినెత్తిన సూర్యుడుంటే పట్లు మెత్తబడి, తేనె కింది బండ మీదకు చుక్క చుక్కగా రాలిపడేదట. పిల్లలు బోర్లా పడుకుని బండను నాకేవాళ్ళట. నాలుకకు తీపి, పొట్టకు రాతి వెచ్చన. ఒక వానాకాలం జ్వరాలొచ్చి ఊరు సగమైపోయింది. మిగిలినవాళ్ళు వెళ్ళిపోదామనుకున్నారు. పొయ్యిలోని నిప్పును కుండల్లో పెట్టుకుని ఇంటికొక నిప్పుతో బయలుదేరారు. వాగు దాటేసరికి ఒక్క ఇంటి నిప్పు మాత్రమే మిగిలింది. కొత్త చోట అందరి పొయ్యిలూ ఆ ఒక్క నిప్పుతోనే వెలిగాయి. చివర మాస్టారు ఒక వాక్యం రాశారు. ఇప్పుడు ఆ ఊరు లేదు. దూలయ్య పేరుతో సహా పేర్లన్నీ ఎర్రగా ఉన్నాయి.

లాలి చదువుతూ చదువుతూ ఆ బండ మీద పడుకుంది. రాతి వెచ్చన నిజంగానే తగిలినట్టయింది. చెయ్యి మాత్రం తన పని చేసుకుపోయింది. ఊరిని తీసింది, నోట్‌ప్యాడ్‌లో వేసింది, దాచింది. తెర మీద ఏదో హెచ్చరిక వస్తే చదవకుండా సరే అని నొక్కింది. పెద్ద ఫైల్లోంచి తేనెబండను కొట్టేసి, దాన్నీ సేవ్ చేసింది. అంతలో కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక మళ్ళీ ఒకసారి చదువుకుందామని తేనెబండ తెరిచింది.

తెర నిండా ప్రశ్న గుర్తులు. మొదటి నుంచి చివరి దాకా, వరస కట్టిన చీమల్లా. చిన్న గడి మార్చడం మరిచిపోయింది. మాటల మధ్య ఖాళీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చుక్కలు ఉన్నాయి. ఎంత పొడుగు మాటో తెలుస్తోంది, ఏ మాటో తెలియడం లేదు. ఇళ్ళన్నీ కూలి గోడల జాడలు మిగిలినట్టుంది.

లాలి గబగబా పెద్ద ఫైల్లో వెతికింది. కొండెంగలొద్ది తర్వాత నేరుగా వేరే ఊరు. సాయంత్రం రవీందర్ వచ్చి అన్నీ చేసి చూసి, పెదవి విరిచాడు. "ఇగ రాదు లాలి. ఇంకో కాపీ ఉందేమో సార్‌ను అడుగు," అన్నాడు.

మాస్టారి ఇంటి కంప్యూటరు మళ్ళీ లేవలేదు. ఆయన దగ్గర ఒక సీడీ ఉంది. అది క్రిస్మస్ ముందు రాయించింది. తేనెబండ అందులో లేదు.

ఆమె ఆయన ఎదుట నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. "నా తప్పే సార్. చదువుకుంట చదువుకుంట ఏడ్నో ఉండిపోయిన. చెయ్యి నొక్కేసింది."

మాస్టారు తిడతారనుకుంది.  ఆయన తిట్టలేదు, అడిగారు. "చదివావా? మొత్తం చదివావా?"

"అవ్ సార్. రెండుమార్లు."

"అయితే కూర్చో. నాకు గుర్తున్నది నేను చెబుతాను, నీకు గుర్తున్నది నువ్వు చెప్పు."

ఇన్నమ్మకు ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలం. ఆ నలభై రోజులూ ఆమె టీ ముట్టదు గానీ వాళ్ళిద్దరికీ కాచి ఇచ్చింది. లాలి ప్రశ్న గుర్తుల కాగితం ప్రింటు తెచ్చింది. ఇద్దరూ దాని మీద ఊరిని మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. మనుషుల పేర్లు మాస్టారికి గుర్తున్నాయి. తేనె, బండ, పిల్లల నాలుకలు లాలికి గుర్తున్నాయి. ఇక్కడ రెండు పొట్టి మాటలు, ఆ తర్వాత ఒక పొడుగు మాట ఉండాలి అని ఆమె వేలితో చూపిస్తే, ఆయన కళ్ళు మూసుకుని ఆ పొడుగు మాట కోసం తడుముకునేవారు. చాలావరకు నిండింది. ఒక్కచోట మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. నిప్పు మిగిలింది ఎవరి ఇంట్లో? అక్కడ ఒక పేరు ఉంది. అదేమిటో ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

"దూలయ్యను అడుగుదామంటే ఆయన లేడు," అన్నారు మాస్టారు. "మళ్ళీసారి దవాఖానాకు వెళితే మంచం ఖాళీగా ఉంది."

"ఆ తావుకన్న పోయి చూద్దమా సార్?" అంది లాలి. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

దస్రు ఎగిరి గంతేసినంత పని చేశాడు. దారి కనుక్కోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. జీపు ఎక్కిన నలుగురైదుగురిని అడిగేసరికి తేనెబండ ఎటో తెలిసిపోయింది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బయలుదేరారు. మాస్టారు ముందు, దస్రు పక్కన. వెనక లాలి, ఇన్నమ్మ, ఇన్నమ్మ ఒళ్ళో పులిహోర గిన్నె. తారు రోడ్డు దాటి మట్టి బాటలో పడ్డాక దస్రు కూడా మాట తగ్గించాడు. ఇప్పపూల కాలం. అడవంతా తియ్యటి, పులిసిన వాసన. ఆకులు రాలిన చెట్ల మధ్య అక్కడక్కడ మోదుగలు ఎర్రగా మండుతున్నాయి. ఆ రంగు మాత్రం తన కిటికీలోకి వస్తోందని మాస్టారు చెప్పారు.

జీపు పోలేని చోట దిగి నడిచారు. లాలి మాస్టారి మోచెయ్యి పట్టుకుంది. నడుస్తుంటే ఆమెకు ముందే వచ్చిన చోటులా అనిపించింది. వాగు ఇక్కడ వంపు తిరుగుతుందనుకుంది, తిరిగింది. రాతి గోడ కుడి పక్కన కనిపిస్తుందనుకుంది, ఎడమ పక్కన కనిపించింది. తేనెపట్లు నల్లగా, గోడకు ఆరేసిన గొంగళ్ళలా వేలాడుతున్నాయి. కింద ఇళ్ళ జాడలు. గడ్డి మొలిచిన చదును నేలలు, పగిలిన రోలు, ఎవరో వరసగా పేర్చిన రాళ్ళు. గాలి ఆడటం లేదు. పైనుంచి తేనెటీగల రొద, దూరాన ఏదో మిషను తిరుగుతున్నట్టు.

"ఎట్లా ఉందమ్మా?" అడిగారు మాస్టారు.

"ఊడ్చినట్టుంది సార్," అంది లాలి. అన్నాక ఆమెకే తట్టింది. నిజంగానే ఊడ్చి ఉంది. ఇప్పచెట్ల కింద నేలంతా ఆకు లేకుండా శుభ్రంగా ఉంది.

ఒక చెట్టు చాటునుంచి ఒకామె లేచి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. మోచేతి దాకా ఇప్పపూల తడి, చేతిలో వెదురు బుట్ట. ఆమె పేరు చిన్నక్క. నలుగురినీ తేరిపార చూసి, "ఎవరు గావాలె?" అంది.

దస్రు ఊరుకుంటాడా, వచ్చిన పని మొత్తం చెప్పేశాడు. ఇక్కడ ఒకప్పుడు ఊరుండేదట, దాని గురించి రాసిన కాగితం పాడైందట, ఊరు లేకపోయినా చోటు చూద్దామని వచ్చామని.

చిన్నక్క బుట్ట కింద పెట్టింది. "ఊరు లేదని ఎవరన్నరు?"

చెయ్యి చాపి చుట్టూ చూపించింది.

"చెట్లున్నయ్ గద. ఇగో గిది మా అత్తది, ఇప్పుడు నాది. గది మా మరిదోళ్ళది. గా వంకరది చెల్లెలికి పసుపు కుంకుమకింద ఇచ్చిన్రు. ఇండ్లు వాగు అవతలికి మార్చినం గని చెట్లను ఎట్ల మోసుకపోతం? పువ్వు రాలే దినాలల్ల అందరం ఈడ్నే ఉంటం. అటు బండ ఎనకకు పోయి చూడుండ్రి, పందిళ్ళు ఏసుకున్నం."

మాస్టారు నిలబడినచోటే నిలబడి, ఆమె గొంతు వచ్చే వైపు ముఖం తిప్పుకుని విన్నారు. ఆయన పెదవులు కదిలాయి. లాలికి తెలుసు, ఇప్పుడు ఆ ఊరు లేదు అనే వాక్యాన్ని ఆయన లోపల కొట్టేసుకుంటున్నారు.

లాలి కాగితం తీసి, మళ్ళీ కట్టిన తేనెబండను చదివి వినిపించింది. చిన్నక్క చెట్టు మొదట్లో కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. తేనె బండను నాకే చోట నవ్వింది, తల ఊపింది. నిప్పు కుండల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అగ్గి ఏం మిగల్లే బిడ్డా. గంత వాన గొడ్తుంటె కుండల అగ్గి ఉంటదా? అందరియి ఆరిపోయినయ్. మా మామ సంతకు పోయి అగ్గిపెట్టె కొనుక్కొచ్చిండు. నేను అప్పుడు గింత పొల్లను, నాకు యాదికున్నది. గా కత ఎవరు చెప్పిన్రు మీకు?"

"దూలయ్య అనే పెద్దాయన. పాపం, ఈమధ్యే పోయారు," అన్నారు మాస్టారు.

చిన్నక్క నోరు తెరిచి చూసింది. "దూలయ్య మా బావ. పోవుడేంది? నిన్న గీ చెట్టు కొమ్మ నాదిక్కు ఒంగింది, పువ్వు నాదని నాతోని లొల్లి వెట్టుకుండె." అని బండ వెనక్కి తిరిగి గట్టిగా కేక పెట్టింది.

కాసేపటికి ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. ఒక కంటికి ఆపరేషన్ అయిన ఆకుపచ్చ గుడ్డ. దవాఖానా నుంచి అతన్ని ఇంటికి పంపించేశారు, అంతే జరిగింది. మాస్టారు చేతులు చాపితే దూలయ్య ఆ చేతుల్ని పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి, బాగున్న కంటితో ఆనవాలు పట్టాడు. "పక్క మంచం సారు," అన్నాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు వదలకుండానే కింద కూర్చున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటిన్నర కన్ను అని ఇన్నమ్మ లాలి చెవిలో చెప్పి, కళ్ళు తుడుచుకుంది.

నిప్పు సంగతి అడిగితే దూలయ్య నిటారుగా కూర్చున్నాడు. "మిగిలింది. మా ఇంటిదే మిగిలింది. మా అవ్వ కుండను కొంగు కింద దాసుకొని వాగు దాటింది."

"కొంగుకు అంటుకోలేదా?" అంది చిన్నక్క.

"నీకేం తెల్సు, నువ్వు మీ అమ్మ సంకల ఉన్నవ్."

దూలయ్య ఆ అవ్వ పేరు చెప్పాడు, లాలికి కావలసిన పేరు దొరికింది. ఖాళీలో నింపబోయి ఆగింది. ఏది రాయాలో తెలియక మాస్టారి వంక చూసింది. ఆయన ముఖం చిన్నక్క గొంతు వైపే ఉంది. ఆమె చిన్నక్కనే అడిగింది.

"నువ్వు చెప్పు అవ్వా. ఏది రాయాలె?"

చిన్నక్క ఒక ఇప్పపువ్వు చిదిమి నోట్లో వేసుకుని ఆలోచించింది. "బావ చెప్పిందే మంచిగున్నది," అంది. "అదే ఉంచు. అగ్గిపెట్టె సంగతి గుడ రాయి. అది నిజం గద."

పులిహోర అందరూ తిన్నారు. పందిళ్ళలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. లాలి చెట్టు చెట్టుకూ తిరిగి, అది ఎవరిదో, ఎవరి నుంచి వచ్చిందో రాసుకుంది. ఎండ వాలుతుంటే ఎక్కడో పైన ఒక పట్టు మెత్తబడి, బండ మీద చుక్క రాలిన చప్పుడైంది. వినిపించిందో, వినిపించినట్టు తోచిందో ఆమె తేల్చుకోలేకపోయింది. వేలితో తడిమి చూస్తే రాయి జిగటగా ఉంది. చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక, ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

మర్నాడు ఆమె తేనెబండను కొత్తగా టైపు చేసింది. ముందున్న దానికన్నా అది పెద్దదైంది. దాచే ముందు చిన్న గడి చూసుకుంది, దాచాక మూసి మళ్ళీ తెరిచి చూసుకుంది. మిగతా ఊళ్ళన్నీ వర్షాలకు ముందే పూర్తయ్యాయి. పెద్ద ఫైలు చివరికి ఖాళీ అయిపోయి, ఒక తెల్ల కాగితమై నిలిచింది. దాన్ని చెరపడానికి లాలికి మనసొప్పలేదు. మాస్టారిని అడిగితే ఉండనిమ్మన్నారు.

ఫైళ్ళు సీడీల మీద బడులకు చేరాయి. కొన్ని బడుల్లో తెరిచారు. కొన్ని చోట్ల కంప్యూటరుకు కరెంటే లేదు. అలాంటి ఊళ్ళకు లాలి ప్రింటు తీసి, దస్రు జీపులో ఆ దారిన పోయేవాళ్ళ చేతికి పంపించింది. రాచబండ వాళ్ళు తమ వాగు కథ నల్లమద్ది ఫైల్లో ఎందుకుందని కబురు చేశారు. నల్లమద్ది వాళ్ళూ అదే అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు పంపించింది. కొందరు తప్పులు దిద్ది పంపారు, కొందరు పేర్లు కలిపి పంపారు. అవన్నీ ఏ ఊరి ఫైల్లోకి ఆ ఊరివి ఎక్కించడం ఆమెకు వారానికో పనిగా మిగిలిపోయింది. రవీందర్ మొదట గొణిగాడు. తర్వాత తన అమ్మమ్మ ఊరు కూడా ఆ వరసలో ఉందని తెలిసి, అది ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఆ ఏడాది చలికాలానికి మాస్టారి కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. లాలి ఆదివారాలు మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళేది. వరండాలో నులక మంచం మీద ఆయన, కింద చాప మీద ఆమె. ఏ ఊరు కావాలో ఆయన చెప్పేవారు, ఆమె చదివేది.

"ఈవేళ కొండెంగలొద్ది పోదాం," అన్నారు ఒక ఆదివారం.

లాలి చదవడం మొదలుపెట్టింది. నీళ్ళు అయ్యాయి, చెట్లు అయ్యాయి. మాస్టారి పాదాలు దుప్పటి కింద కొద్దికొద్దిగా కదులుతున్నాయి. "ఇక్కడ గుట్ట ఎక్కాలి. నిదానం," అన్నారు. ఆమె గొంతు నిదానం చేసింది. గుట్ట మీది పిట్ట కథ మొదలైంది. కాసేపటికి ఆయన ఊపిరి బరువెక్కింది, పాదాలు ఆగాయి. నిద్రపోయారు. లాలి కాగితం మడవబోయింది.

"ఆపకమ్మా," అంది ఇన్నమ్మ లోపలి నుంచి. బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో లాలి గమనించలేదు. "ఆ పిట్ట ఏమైందో చెప్పు."

లాలి మళ్ళీ కాగితం విప్పి, ఆపిన చోటు వెతుక్కుని, కొంచెం గొంతు తగ్గించి చదివింది.